పైడమ్మత్త కంచంలో పన్నాకొట్టా

మా పైడమ్మత్త నోట్లో నిప్పుండేది. నోటి దురుసు గురించి కాదు, అదీ దండిగానే ఉండేది. నేను చెబుతున్నది అచ్చమైన నిప్పు. చుట్ట వెలిగించి, కణకణమనే కొసని నోట్లోకి తిప్పి, పెదాలు మూసుకుని, రెండు చేతుల్లో రెండు బకెట్లతో మేముండే బర్మామైన్స్ బస్తీ కొళాయి దగ్గర్నుంచి ఇంటికి నడిచొచ్చేది. శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళు చాలామంది అలాగే తాగేవారు. అడ్డపొగ అంటాం. సముద్రం గాలికి చుట్ట ఆరదు, చంకలో పిల్లకి చురక తగలదు, చేతుల్లో పని ఆగదు. చిన్నప్పుడు ఆవిడ నోరు తెరిస్తే లోపల ఎర్రటి వెలుగు కనపడేది. సాయంత్రం దిగిపోయిన సూర్యుడు ఎక్కడ పడుకుంటాడో నాకు అప్పుడే తెలిసిపోయిందనుకున్నాను.

ఆవిడ మా నాన్నకి అక్క. నన్ను పెంచింది, పెంచాక కూతురు పద్మకుమారినిచ్చి పెళ్ళి చేసింది. కాబట్టి నన్ను తిట్టడానికి ఆవిడకి రెండు వైపుల నుంచీ హక్కుంది. నేనేమో దొరికిన మాటనల్లా మెలితిప్పందే వదలను. కార్ఖానా టైం ఆఫీసులో హాజరు గుమాస్తాని. రోజంతా టైముకి కాపలా కాసేవాడు టైంపాస్ చెయ్యక ఏం చేస్తాడు? నేనొక మాట విరవగానే అత్త, "నీ నోట్లో మన్ను బొయ్య, మూయ్‌రా కూర్మీ!" అనేది. నోట్లో నిప్పుండగానే అనేది, చుట్ట కదలకుండా. ఆ తిట్టు పడితేనే నా జోకు పేలినట్టు. ముప్పై ఏళ్ళుగా అదే మా ఇంటి చప్పట్లు.

ఎనభై రెండు ఏప్రిల్లో తిట్లు ఆగిపోయాయి.

అత్త అంగిట్లో పుండు లేచింది. నలభై ఏళ్ళ నిప్పు ఊరికే పోతుందా? ఆస్పత్రిలో అంగిలి కోసేశారు. తర్వాత కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. మా బస్తీకి పూటకోసారి ముఖం చాటేసే కరెంటు, మా అత్త నోటికి మాత్రం ఇరవై రోజులు తప్పకుండా వచ్చింది. పుండు మానాక అంగిలికి బిళ్ళ అమరుస్తామన్నాడు డాక్టరు. పుండు మానాలంటే ఒంట్లోకి తిండి పోవాలి. తిండి పోవాలంటే అంగిలి ఉండాలి. నీళ్ళగా ఉన్నది పోస్తే గొంతులోకి దిగదు, పైకెక్కి ముక్కులోంచి వచ్చేస్తుంది. గట్టిది పెడితే పచ్చి పుండు మీద గీసుకుంటుంది. అంగిలి పోయినవాళ్ళకి అంగట్లో ఏం దొరికితే ఏం లాభం!

ఇంటికి తెచ్చిన రోజు పద్మ పాలు పట్టింది. ఆ పాలు మా అందరి ముందూ అత్త ముక్కులోంచి కారాయి. ఆవిడ చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది. అంతే. ఆ తర్వాత ఎవరూ చూడనప్పుడు తల పక్కకి వాల్చి చెంచాడు నీళ్ళు మింగడం తప్ప నోరు తెరవలేదు. సగ్గుబియ్యం జావ ఆస్పత్రి వాళ్ళిచ్చిన కొమ్ము కప్పులో పోసి తెస్తే చేత్తో తోసేసింది.

"కంచంలో నిలబడందీ కూడేటే? కుడితి. దూడకి పొయ్యి."

మాటలన్నీ ముక్కులోంచే వచ్చాయి గానీ, అర్థం మాత్రం సూటిగానే వచ్చింది.

బుధవారం డాక్టరు చూసి, "సోమవారం తీసుకురండి. అప్పటికీ తిండి దిగకపోతే ముక్కులోంచి గొట్టం వేసేస్తాం" అన్నాడు. అత్త రిక్షా ఎక్కింది. ఎక్కాక అంది: "ముక్కుతోటి కూడు తినేది ఏనుగురా. నాను మనిసిని. గొట్టమెట్టినారంటే పీకి పారెత్తాను. తరవాత నా సావు నాను సత్తాను."

అన్న మాట మీద నిలబడే మనిషి. అందుకే భయం.

వాతావరణం తేలిక చేద్దామని నేను, "ముక్క తినలేదని ముక్కుకి కోపమొచ్చినట్టుందత్తా" అన్నాను. అని ఆగాను. తిట్టు రాలేదు. ఆవిడ నా వైపు చూడను కూడా లేదు. రిక్షా టాప్ మీద ఎండ చిటచిటలాడుతోంది.

ఆవిడ కొడుకు తవిటయ్య ఫౌండ్రీలో మోల్డరు. ఇసకని అచ్చుగా చేసి అందులో కరిగిన ఇనుము పోసే పని. నాకు బావమరిది, పెద్దవాడు గనక బావా అంటాను, వాడూ నన్ను బావా అనే అంటాడు. మా ఇద్దరి మధ్యా బావాబావా తప్ప భావాలు మార్చుకోవడం తక్కువ. ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని వీణ్ణి పుట్టగానే తవుడికి అమ్మి కొనుక్కున్నారు, అందుకా పేరు. తవుడైతే పేరులో ఉంది గానీ, మాటల్లో నూకైనా రాలదు. రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే అందులో రెండు ఇసకతో మాట్లాడతాడు.

గురువారం ఇద్దరం వార్డుకి వెళ్ళి సిస్టర్ సెలెస్తీనాని కలిశాం. గుమ్లా వైపు అడవి పల్లెలో పుట్టిన ఉరాఁవ్ తెగ పిల్ల. మఠంలో చేరి, నర్సు చదువుకి రోమ్ వెళ్ళి మూడేళ్ళుండి వచ్చింది. అత్త అన్నదంతా హిందీలో చెప్పాను, ఏనుగుతో సహా. ఆవిడ నవ్వలేదు. ఇలా అంది:

"మీ అమ్మగారు సరిగ్గానే అడుగుతున్నారు. కారకూడదు, నమిలే పని ఉండకూడదు, కంచంలో నిలబడాలి. అక్కడ మా వార్డు వంటింట్లో ఒక ముసలావిడ ఇలాంటివాళ్ళ కోసమే ఒకటి చేసేది. మీగడ, పంచదార. పొగలొచ్చేదాకా వేడి చేసి, జిగురు కలిపి, చల్లబరిచి, బోర్లిస్తే నిలబడుతుంది. నాలుక తగలగానే కరుగుతుంది. మీద పళ్ళరసం. పన్నాకొట్టా అంటారు."

"పన్నా, కొట్టా..." అని నేను మొదలెట్టాను. "పన్ను కొట్టక్కర్లేని తిండన్నమాట. పన్ను అక్కర్లేదంటే సర్కారుకి తెలిస్తే ఊరుకోదు సిస్టర్." తెలుగు రాని మనిషికి తెలుగు శ్లేష. నాలుగు గోడలకి చెప్పుకున్నట్టయింది.

తవిటయ్య మాత్రం ఒక్క ముక్క పట్టుకున్నాడు. "జిగురంటే?"

"జెలటీన్. ఎముకల్లోంచి తీస్తారు."

వాడి మొహం వెలిగింది. "సరేసు! మా పాటర్న్ షాపులో డబ్బాలకి డబ్బాలున్నాయి. నమూనాల చెక్కలు అతుకుతాం."

సిస్టర్ రెండు చేతులూ అడ్డం ఊపింది. మా అత్తకి అంగిలి లేదు గానీ, మా బావ చేతిలో పడితే రెండు దవడలూ కూడా శాశ్వతంగా అతుక్కుపోయేవి. సరే అంటే సరేసే! చివరికి సిస్టర్ మఠం వంటింట్లోంచి ఒక పొట్లం తెచ్చిచ్చింది. తెల్లటి ఎండుగడ్డిలా ఉంది. చైనా గ్రాస్. సముద్రపు నాచులోంచి తీస్తారట, నీళ్ళలో మరిగిస్తే కరుగుతుందట.

"అరవై రెండులో మన మీదకొచ్చినోళ్ళ గడ్డి తినాలా?" అన్నాను దారిలో.

"తిందాం" అన్నాడు తవిటయ్య. ఆ రోజుకి అదే వాడి ఆఖరి మాట.

శుక్రవారం పొద్దున భుయ్యాడీహ్ ఖటాల్‌కి, అంటే గేదెల పాకలకి, సైకిలేసుకెళ్ళి చెంబుడు పచ్చి మీగడ తెచ్చాడు. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. వాడొక చెక్కపెట్టె చేసి, అడుగున ఊక పోసి, వీధి చివర దుకాణంలో కొన్న బరఫ్, అదే మంచుగడ్డ, పగలగొట్టి, ఉప్పు చల్లి, మళ్ళీ ఊక కప్పాడు. చెయ్యి పెడితే వేళ్ళు కొరికింది. ఇంట్లో ఇటలీ లేదు గానీ హిమాలయం వచ్చేసింది.

అచ్చుకి గిన్నె కావాలి. పద్మ స్టీలు గ్లాసిస్తే వెనక్కిచ్చేశాడు. "నిలువు గోడ. ఊడదు." వెతికి వెతికి మూతి వెడల్పు, అడుగు సన్నం ఉన్న కంచు గిన్నె తీశాడు. లోపల నెయ్యి వేలితో రాశాడు, చూస్తే రాసినట్టే కనపడనంత పల్చగా. ముప్పై ఏళ్ళు ఇసకలోంచి అచ్చు విరక్కుండా చెక్క నమూనా లాగిన చెయ్యది.

కానీ మొదటిసారి మోల్డరు బుద్ధే దెబ్బ తీసింది. అచ్చు నిలబడాలంటే మోల్డరు ఏం చేస్తాడు? పట్టు పెంచుతాడు. పొట్లంలో సగం మరిగించి పోసేశాడు. సాయంత్రం బోర్లిస్తే ఠంచనుగా నిలబడింది. ఇంకో వారమైనా నిలబడేలా ఉంది. చెంచాతో గుచ్చితే చెంచా వెనక్కి వచ్చింది. జారి గచ్చు మీద పడితే ఎగిరి గుమ్మం దాకా వెళ్ళింది. పిల్లి వాసన చూసి దండం పెట్టి పోయింది.

"బావా, ఇది అత్తకి కాదు, టెల్కో లారీకి టైరు" అన్నాను. లోపలి గదిలోంచి తిట్టు వస్తుందేమోనని చెవి అటే వేశాను. దగ్గు ఒక్కటే వచ్చింది.

శనివారం పొద్దున కోపంతో చిటికెడే వేశాడు. మధ్యాహ్నం బోర్లించాడు. గిన్నె ఎత్తగానే ఒక్క క్షణం తెల్లగా నిలబడింది, నా గుండె కూడా దాంతో నిలబడింది, అంతలో నడుం విరిగి కంచం నిండా పరుచుకుపోయింది. పద్మ దాన్ని తల్లి కంట పడకుండా చెంగు కింద దాచుకుని పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపటికి గాని తిరిగి రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అన్నియ్యా, ఇంక ఒక్క రోజే ఉంది" అంది.

తవిటయ్య గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు. కుడి పిడికిలి మూస్తున్నాడు, తెరుస్తున్నాడు. ఫౌండ్రీలో వాళ్ళకి అలవాటు. ఇసక పాళ్ళు కుదిరాయో లేదో పిడికిట్లో నొక్కి, విరిచి, విరిగిన అంచు చూస్తారు. ఇప్పుడు వాడి పిడికిట్లో ఇసక లేదు. ఉత్త గాలి విరుస్తున్నాడు.

"అచ్చు కాదు బావా" అన్నాడు ఉన్నట్టుండి. "కోర్."

"ఏటి కోరు? ఏం కోరినా తెస్తాను, చెప్పు."

వాడు నా వైపు తిరిగాడు. నేను వాణ్ణి ఎరిగిన ఇన్నేళ్ళలో అంత పొడుగు మాట వాడి నోట ఎప్పుడూ వినలేదు.

"బోలు ఉండే సరుకు పొయ్యాలంటే మజ్జిలో ఇసక ముద్ద ఎడతాం. అదే కోరు. సుట్టూ ఇనుము పోత్తాం. అంత ఏడిలోనూ అది నిలబడాల. ఇనుము సల్లారినాక, సుత్తితో ఇలాగ తడితే పొడిపొడిగా రాలిపోవాల. పట్టు ఎక్కువైతే రాలదు, సరుకు పగిలిపోద్ది. తక్కువైతే ఇనుము తగలగానే కూలిపోద్ది. నిలబడాల్సినంతసేపే నిలబడాల. నాను గోడ కట్టేను బావా. అమ్మకి గోడ కాదు కావాల్సింది."

నేను లేచి పొట్లంలో మిగిలిన గడ్డి తెచ్చి వాడి ముందు పెట్టాను.

ఆ సాయంత్రం వాడు చేసింది చూశాను. గడ్డి పోగుల్ని ఒక్కొక్కటే కత్తిరించాడు. మరిగించాడు. మీగడ వేరే పొయ్యి మీద, పొంగనివ్వకుండా, అంచుల్లో సన్నటి పొగ లేవగానే దించాడు. కలిపాడు. ఒక్క చుక్క తీసి మంచులో పెట్టిన పళ్ళెం మీద వేశాడు. చుక్క ముద్ద కట్టేదాకా ఆగి, వేలితో తోసి, దాని అంచు దీపానికి ఎత్తి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. ఇంకో పోగు. ఇంకో చుక్క. ఆరో చుక్కకి వాడి మొహంలో ఏదో సద్దుమణిగింది. నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. కణకణలాడే ఇనుప ధార ముందు రెప్ప వెయ్యని మనిషి, మీగడ చుక్కకి కళ్ళు మూశాడు.

నాలుగు కంచు గిన్నెలు మంచులోకి దిగాయి.

ఆదివారం చర్చి నుంచి సిస్టర్ సెలెస్తీనా నేరుగా మా ఇంటికొచ్చింది, టిఫిన్ డబ్బా నిండా షహతూత్, అంటే మల్బరీ, పళ్ళతో. మఠం పెరట్లో చెట్టువి. బుల్లి గొంగళిపురుగుల్లా పొడుగ్గా, నల్లగా, పట్టుకుంటే వేళ్ళు ఊదారంగయ్యేంత మాగినవి. "పుల్లటివి పుండు మీద మండుతాయి, అందుకే బాగా పండినవే ఏరాను" అంది. పద్మ వాటిని చిదిపి, పల్చటి గుడ్డలో వడకట్టి, పంచదార వేసి సన్నటి సెగ మీద పెట్టింది. బుడగలొచ్చేకొద్దీ రంగు ముదిరింది. నలుపులోంచి ఎరుపు, ఎరుపులోంచి ఎక్కడో వెలుగు. కొలిమి మూత తీసినప్పుడు అడుగున కనపడే రంగది. ఆ రంగు చన్నీళ్ళ గిన్నెలో కూచుని చల్లారింది.

పదకొండయింది. అత్తని దిండుకి జారగిలేసి కూర్చోబెట్టారు. ఆవిడ మా ఎవరినీ చూడలేదు. ఎదురుగా పీట మీద ఆవిడ సొంత ఇత్తడి కంచం పెట్టారు. దాన్ని చూసింది.

తవిటయ్య గిన్నె తెచ్చాడు. వేడినీళ్ళలో పిండిన గుడ్డ దాని చుట్టూ ఒక్కసారి చుట్టి తీసేశాడు. కంచం గిన్నె మీద బోర్లించి, రెండూ కలిపి తిప్పి, పీట మీద దించాడు. వేలి కణుపుతో అడుగున రెండుసార్లు కొట్టాడు. చెవి ఆనించి విన్నాడు. లోపల ఎక్కడో ముద్దు పెట్టినంత చప్పుడు.

గిన్నె ఎత్తాడు.

తెల్లగా ఉంది. తెలుపంటే ఇదని ఎవరూ నాకంతవరకూ చెప్పనట్టు ఉంది. నునుపుగా, గిన్నె అడుగున ఉన్న చిన్న చక్రం గుర్తుతో సహా, నిండుగా నిలబడి ఉంది. అది చూస్తుండగానే మా ఇంటి వెనక లైన్ మీదికి గూడ్సు బండి వచ్చింది. రోజూ వచ్చేదే, వస్తే గోడకున్న దేవుడి పటాలు కూడా ఊగుతాయి. నేల అదిరింది. పీట అదిరింది. కంచం గలగలమంది. ఆ తెల్లటిది వణకడం మొదలెట్టింది. ఇటు వాలింది, అటు వాలింది. పద్మ నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి. ఖనిజం వేగన్లు ఒకదాని తర్వాత ఒకటి, అంతులేకుండా. అది వణుకుతోంది, ఊగుతోంది, ఊపిరి పీల్చే ప్రాణిలా ఒళ్ళంతా అదురుతోంది, విరగడం లేదు. బండి పోయింది. దాని వణుకు మెల్లగా మెల్లగా ఆగి, నిలబడింది.

సిస్టర్ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. నేను చేతులెత్తి దండం పెట్టాను, దేనికో తెలీకుండానే.

తవిటయ్య ఊదారంగు రసం పోశాడు. పోత పోసేవాడు ధార తెగనివ్వడు. తెగితే అతుకు పడుతుంది. నూలుపోగంత ధార, ఒక్క చోట కూడా తెగకుండా, నెత్తి మీద నుంచి నలువైపులా దిగింది.

"ఏటిది?" అంది అత్త.

"కూడే అమ్మా" అన్నాడు తవిటయ్య. "నిలబడింది సూడు."

ఆవిడ చాలాసేపు చూసింది. పద్మ చెంచా అందిస్తే తీసుకోలేదు. సన్నబడిపోయిన చెయ్యి చాపి, మూడు వేళ్ళతో ఒక మూల తుంచింది. చల్లదనానికి వేళ్ళు ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. నోట్లో పెట్టుకుంది. పెదాలు మూసింది.

అప్పుడు చూశాను.

దవడలు కదలలేదు. బుగ్గలు లోపలికి పోలేదు. నాలుక కిందికి దించి, తల రవ్వంత వంచి, నోరు లోపల బోలుగా చేసి, పెట్టుకున్నది ఏ పక్కకీ తగలకుండా మధ్యలో పట్టుకుంది. ఆ మొహం నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ కొళాయి దగ్గర, పొయ్యి దగ్గర, నన్ను బడికి ఈడ్చుకెళ్ళే దారిలో చూసిన మొహమది. నలభై ఏళ్ళు కణకణమనే నిప్పుని నాలుకకి తగలనివ్వకుండా మోసిన ఒడుపు. అంగిలిని మింగేసిన నిప్పే, అంగిలి లేకుండా బతకడం ఎలాగో ఆ నోటికి నేర్పి పోయింది. డాక్టరుకి తెలీదు, సిస్టర్‌కి తెలీదు, రోమ్‌లో ఆ ముసలావిడకీ తెలిసుండదు. ఆ నోటికొక్కదానికే తెలుసు. నిప్పు ఉండే చోట మంచుని పెట్టుకుని, అది కరిగేదాకా కాసుకుని కూచుంది.

మేమంతా ఆవిడ ముక్కు వైపే చూస్తున్నాం. సిస్టర్ చేతిలో తుండు సిద్ధంగా ఉంది.

గొంతు పైకి కదిలింది. ఆగింది. కిందికి దిగింది.

ముక్కు పొడిగా ఉంది.

ఆవిడ కళ్ళు తెరిచి, ఇంకో ముక్క తుంచింది. ఇంకోటి. పెదాల అంచున ఊదారంగు, గడ్డం మీద ఒక చుక్క. ఇత్తడి కంచం మీద వేళ్ళ గీతలు. తవిటయ్య గోడకి చేరబడి, పిడికిలి మూసి తెరుస్తున్నాడు, కొలిమి ముందు నిలబడ్డవాడిలా మొహమంతా తడి.

సగం అయ్యాక అత్త ఆగి ఊపిరి పీల్చింది. "సల్లగుందిరా తవిటీ" అంది.

ఇంక నా వల్ల కాలేదు. పన్ను మీదో కొట్టు మీదో మంచు మీదో మంచి మీదో ఏదో మాట గట్టిగా విరిచేశాను. ఏం అన్నానో ఇప్పటికీ గుర్తులేదు. పద్మని అడిగితే తనకీ గుర్తులేదంటుంది.

అత్త వేళ్ళు కంచంలోనే ఆగాయి. తల మెల్లగా నా వైపు తిప్పింది.

"నీ నోట్లో మన్ను బొయ్య" అంది, ప్రతి అక్షరం ముక్కులోంచి, ఒక్కటీ పొల్లు పోకుండా. "మూయ్‌రా కూర్మీ."

మూశాను. మూసుకున్న నోట్లోకి ఉప్పగా ఏదో దిగుతుంటే అలాగే నిలబడ్డాను. అత్త కంచం వేళ్ళతో తుడిచి నాకి, దాన్ని కొడుకు వైపు తోసింది.

"ఇంకోటుందేటి?"

తవిటయ్య అప్పటికే ఊకలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, రెండో గిన్నె తీస్తున్నాడు.